వెనకటికెవడో...

మొన్న మా మేనత్త కొడుకు ఊరి నుంచి వస్తూ ఒక పొట్లం తెచ్చాడు. పాత పేపర్లో చుట్టి పురికొసతో కట్టి ఉంది. విప్పగానే వంటిల్లంతా వాసన. బజార్లో దొరికే నల్లటి చింతపండుకు ఈ వాసన ఉండదు. ఆ ఏడు చెట్టు దులిపి, ఎండబెట్టి, పెంకు కొట్టి, ఇంకా ఉప్పు కలపక ముందు ఎర్రగా ఉంటుంది చూడండి, ఆ కొత్త చింతపండు వాసన ఇది. పులుపూ, కాస్త తీపీ, కాస్త ఎండా. స్టవ్ మీద పాలు పొంగుతున్నా కదలకుండా అక్కడే నిలబడిపోయాను. చెవిలో మా నాయనమ్మ గొంతు వినిపించింది. "వెనకటికెవడో..." అని మొదలుపెట్టి, అందరూ తలెత్తేదాకా ఆగే గొంతు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని లేచిపోయాను. ఎందుకు లేచిపోయానో కాసేపట్లో చెబుతాను.

*

మా ఊరు అప్పటి ప్రకాశం జిల్లాలో, కనిగిరి వైపు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. చింతచెట్లకు మాత్రం లోటు లేదు. శివరాత్రి వెళ్ళాక కాయలు దులిపించి, బాగా ఎండాక ఇంటి ముందు పందిరి కింద గుట్ట పోయించేవాళ్ళు. అక్కడి నుంచి ఎండాకాలమంతా అదే పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరేవాళ్ళు. కొందరు పెంకు కొట్టేవాళ్ళు, కొందరు ఈనెలు లాగేవాళ్ళు. చెయ్యి తిరిగినవాళ్ళు బండ మీద పెట్టి చిన్న ఇనపకడ్డీతో గింజ రాల్చేవాళ్ళు. టక్, టక్, టక్. ఆ గింజలు మా పిల్లల వాటా. నున్నటివి ఏరుకుని, ఒక పక్క తెల్లగా అయ్యేదాకా రాతి మీద అరగదీసి, అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం.

ఆ చప్పుడు మధ్యలో లోకంలోని సంగతులన్నీ విచారణకు వచ్చేవి. ఎవరి కొడుకు వేరుపడ్డాడు, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు, ఎవరింట్లో బాకీలవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నాయనమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. అందరూ చెప్పేది విని, మాట చల్లారే సమయానికి ఒకటి వేసేది.

ఒకావిడ కొడుక్కి పట్నంలో ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పారు. ఇంకా కాగితం కూడా రాలేదు. ఆవిడ కట్టబోయే డాబాలో గదులు లెక్కపెడుతోంది. "వెనకటికెవడో, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట" అంది నాయనమ్మ, కాయ మీంచి తల ఎత్తకుండా. ముందు నవ్వింది గదులు లెక్కపెట్టిన ఆవిడే. ఒకప్పుడు తమకు ఎన్నో ఎకరాలుండేవని వచ్చినప్పుడల్లా చెప్పే ఒక పెద్దాయన అటుగా వెళుతుంటే, "వెనకటికెవడో, మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నాట్ట." అప్పుడు ఆ పెద్దాయన మనవరాలు కూడా అక్కడే కూర్చుని ఉంది. అదీ నవ్వింది.

చిన్నప్పుడు ఆ వెనకటికెవడో నిజంగా ఒక మనిషి అనుకునేవాణ్ణి. ప్రపంచంలో జరిగిన తెలివితక్కువ పనులన్నీ ఆయనే చేశాడని నా లెక్క. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిందీ ఆయనే, ఏరు దాటి తెప్ప తగలేసిందీ ఆయనే. అన్ని తప్పులు చేసిన మనిషిని ఇంట్లోవాళ్ళు ఏమనేవాళ్ళో అని నాకు జాలి వేసేది. వేమన పద్యం చివర వేమన పేరుంటుంది. ఈయనకు ఊరూ లేదు, పేరూ లేదు.

పెద్దయ్యాక తెలిసింది, ఆయన ఊరికి ఎంత అవసరమో. రెండు మూడు వందల గడప ఉన్న ఊళ్ళో ఒకరితో మాట తెగితే తప్పించుకుని ఎక్కడికి పోతాం? రేపు అదే బావి దగ్గర చేద వెయ్యాలి, ఎల్లుండి అదే పెళ్ళిలో ఒకే బంతిలో కూర్చోవాలి. మొహం మీద "నువ్విలా చేశావు" అంటే రెండిళ్ళ మధ్య తలుపులు పడిపోతాయి. అదే మాట పేరులేనివాడి మీద పెట్టి అంటే, తగలాల్సినవాళ్ళకు తగులుతుంది. తగలనట్టు నవ్వేసి ఇంటికి వెళ్ళే వీలూ ఉంటుంది.

*

ఒక ఏడాది, గింజ తీసి బుట్టలో పెట్టిన చింతపండు సాయంత్రానికి తగ్గింది. చూడగానే తెలిసేంత తగ్గింది. మా పిన్ని కోపంతో ఊగిపోయింది. ఫలానా ఆవిడే ఒళ్ళో వేసుకుని పోయింది, ఇప్పుడే వెళ్ళి అడుగుతానంది. నాయనమ్మ కూర్చోమంది.

మర్నాడు అందరూ చేరాక, మాటల మధ్యలో గుమ్మడికాయల దొంగ కథ ఎత్తింది. అందరికీ తెలిసిన కథే. బూడిదగుమ్మడికాయ మోసుకెళ్ళినవాడి భుజానికి తెల్లటి పొడి అంటుకుంటుంది కదా, ఊరి పెద్ద సభలో ఆ మాట అనగానే దొంగ తన భుజం తడుముకున్నాడు. నాయనమ్మ ఆ కథను తీరిగ్గా చెప్పింది. సభలో ఎవరెవరు కూర్చున్నారో, ఏ కాలమో, అన్నీ కల్పించి చెప్పింది. నవ్వులు. నేను గింజలు ఏరుకుంటూ చూస్తున్నాను. ఒకావిడ చెయ్యి మాత్రం భుజం మీదికి కాక కొంగు మీదికి వెళ్ళి, ఆ ముడిని ఒకసారి తడిమి, మళ్ళీ కాయల మీదికి వచ్చింది. నాయనమ్మ అటు చూడలేదు. ఈనె లాగుతూనే ఉంది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు మామూలుగా అందరికీ తలా కాస్త చింతపండు పెట్టేది. ఆవిడకు రెండోసారి కూడా పిడికిలి నిండా తీసి, "మీ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ" అంటూ పెట్టింది.

ఆ రాత్రి ఆరుబయట మంచాల మీద పడుకున్నాక అడిగాను.

"నాయనమ్మా, ఆవిడే తీసిందని నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుందిరా, నేను చూడలేదుగా."

"మరి ఆ కథ ఎందుకు చెప్పావు?"

"గుమ్మడికాయల సంగతి కదురా చెప్పింది."

కాసేపయ్యాక, నిద్రపోయిందనుకున్నాను, మళ్ళీ అంది. "కడుపు కాలుతుంటే చెయ్యి ఊరుకోదురా. మన కడుపు కాలితే మన చెయ్యీ ఊరుకోదు."

మనుషుల మీద ఆవిడకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఎవరు ఏ పని చేసినా వెనకాల కాస్త స్వార్థం, కాస్త డాబు, కాస్త భయం ఉంటాయని ముందే లెక్క వేసుకునేది. ఆ లెక్కలో తననూ కలుపుకునేది. అందుకే ఎవరిలోనైనా తప్పు బయటపడితే ఆశ్చర్యపోయేది కాదు. వాళ్ళకు తలుపు మూసేదీ కాదు. మనుషులు గొప్పవాళ్ళని నమ్మి, తర్వాత భంగపడి, జన్మలో మొహం చూడనని శపథాలు చేసేవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను. నాయనమ్మ అలాంటి శపథం ఒక్కటి కూడా చేసినట్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు మా బంధువులందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. ఏడాది కిందట పాత ఇంటి స్థలం పంపకం విషయంలో ఒకరు ఒకరి పేరు పెట్టి మరీ అడిగేశారు. అడిగింది నిజమే. కానీ నలభై మంది చూస్తుండగా అడిగారు, రాసిన మాట చెరగకుండా అక్కడే ఉండిపోయింది. ఆ రాత్రే ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మొన్న పెళ్ళిలో ఆ ఇద్దరూ మండపానికి చెరో పక్కన కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది. అక్కడ వెనకటికెవడో ఒకడు ఉండుంటే బాగుండేది అనిపించింది.

*

మా అమ్మ ఆ ఇంటి కోడలు. నెమ్మదస్తురాలు, ఎదురు చెప్పి ఎరగదు. ఒకసారి ఊరగాయ జాడీ ఆవిడ చేతిలోంచి జారి పగిలింది. పొద్దున్నుంచీ నాయనమ్మ సాధింపు. అంతకు వారం కిందటే నాయనమ్మ చేతిలో కూడా ఒకటి పగిలింది. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. అమ్మ పెంకులు ఊడుస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "వెనకటికెవరో, అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అన్నారట."

ఇల్లంతా నిశ్శబ్దం. అరుగు మీద తాతయ్య కలం కూడా ఆగిపోయింది. ఎదురు చెప్పిందని అనడానికి లేదు. అమ్మ అన్నది అత్తగారిని కాదు, వెనకటి వాళ్ళెవరినో. దీపాలు పెట్టే వేళ దాకా నాయనమ్మ మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి, "మీ అమ్మకు మాటలొచ్చాయిరా" అంది. ఆ గొంతులో కోపం లేదు. కూతురు మొదటిసారి ముగ్గు తిన్నగా వేస్తే తల్లి గొంతులో ఉండేది ఏదో ఉంది. మర్నాటి నుంచి చింతపండు దగ్గర అమ్మ చోటు నాయనమ్మ పక్కకు మారింది.

*

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లైబ్రరీలో సామెతల పుస్తకం కంటపడింది. మద్రాసు సైన్యానికి చెందిన ఎం. డబ్ల్యూ. కార్ అనే కెప్టెన్ రెండు వేలకు పైగా తెలుగు సామెతలను పోగుచేసి, ఇంగ్లీషు అర్థాలతో 1868లో అచ్చు వేయించాడు. పేజీలు తిప్పుతుంటే మా పందిరి కింది మాటలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. నాయనమ్మ పుట్టకముందే ఇవన్నీ అచ్చయి ఉన్నాయి. ఒక పక్క సంతోషం, ఒక పక్క ఏదో వెలితి. సామెత ఉంది, అర్థం ఉంది. ఎదురుగా ఎవరు కూర్చున్నారో, అన్నాక ఎవరి చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో లేదు.

ఇంకొకటి కూడా అప్పుడే గమనించాను. కులాల పేర్లు పెట్టి వెక్కిరించేవి, ఆడవాళ్ళను తక్కువ చేసేవి, కుంటివాళ్ళనూ గుడ్డివాళ్ళనూ ఎగతాళి చేసేవి ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని మా పందిరి కింద కూడా విన్నాను. విని నవ్వాను.

ఒకటి చెప్పాలి. మా వీధి చివర మాకు పెద్దత్త వరసయ్యే ఒకావిడ ఉండేది. పిల్లలు లేరు. ఏ ఇంటి పిల్లవాడు ఏడ్చినా ముందు ఎత్తుకునేది ఆవిడే. ఒక మధ్యాహ్నం ఎవరిదో కాన్పు కష్టమైందన్న మాట వచ్చింది. పెద్దత్త ఏదో సలహా చెప్పబోయింది. నాయనమ్మ నోట అలవాటుగా జారిపోయింది: "గొడ్రాలికేం తెలుసు ప్రసవవేదన." ముందు వెనకటికెవడో కూడా లేదు.

టక్ టక్ ఆగిపోయింది. పెద్దత్త ఒళ్ళో ఉన్న కాయలు అన్నీ పూర్తి చేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. కొంగు దులుపుకుని లేచి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ ఆ పందిరి కిందకు రాలేదు. రెండో రోజు నాయనమ్మ చిన్న జాడీ నిండా కొత్త చింతపండు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. పెద్దత్త మర్యాదగా పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది, జాడీ తీసుకుంది. మామూలు మాటలు మాట్లాడుకున్నారు. దారిలో నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది, ఒక్క మాటా లేదు. ఆ సామెత మళ్ళీ ఆవిడ నోట వినలేదు. ఎవరైనా అంటే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

ఈ సంగతి రాయాలా వద్దా అన్న దగ్గరే ఇన్నేళ్ళూ ఆగిపోయాను. ఒకసారి మా బంధువుల్లో మహా పిసినారి ఒకాయన పోతే, పదోరోజున అందరూ ఆయన దానధర్మాల గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతున్నారు. నాయనమ్మ నా చెవిలో, "చచ్చినవాడి కళ్ళు చారెడు" అంది. తర్వాత ఇంటికొచ్చాక నవ్వకుండా అంది: "నేను పోయాక నా కళ్ళు ఎంతుండేవో అంతే చెప్పండిరా." ఆవిడ మాట దాటలేక ఇదీ రాశాను.

ఇంకొకటి కూడా ఉంది. పందిరి కింద కొందరు అరుగు మీద కూర్చునేవాళ్ళు, కొందరు కింద నేల మీద. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. అందరి మనసుల్లో ఏముందో అనుమానించి చూసిన మనిషి, ఆ అరుగుకూ ఆ నేలకూ మధ్య ఉన్న మూరెడు ఎత్తును మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. మేమూ అడగలేదు.

*

మా తాతయ్య ఊరి కరణం. భూముల లెక్కలు, శిస్తు లెక్కలు రాసే పని. అరుగు మీద ఒక చాప, ఒక చెక్కపెట్టె. అందులో అడంగళ్ళు, చిట్టాలు, పొలాల పటాలు. కరణాన్ని కరణం నమ్మితే ప్రాణం మీదికొస్తుందని సుమతీ శతకంలో ఒక పద్యం ఉంది. దాన్ని రాగం తీసి మాకు నేర్పింది తాతయ్యే. పొద్దున లేస్తే అరుగు నిండా జనం. శిస్తు కట్టేవాళ్ళు, పట్టాలో పేరు మార్పించుకునేవాళ్ళు, గట్టు తగాదాలవాళ్ళు. ఎవరూ ఉత్త చేతులతో వచ్చేవాళ్ళు కాదు. ఒకరు సొరకాయ, ఒకరు ముంత పెరుగు.

1984 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులు తీసేసింది. తరతరాలుగా కొన్ని ఇళ్ళలోనే తిరుగుతూ వచ్చిన పదవులు అవి. పోవడం న్యాయమేనని ఇప్పుడు గట్టిగా అనుకుంటాను. ఊరందరి భూముల రాతలూ ఒక్క ఇంటి పెట్టెలో ఉండకూడదు. కానీ ఆ రోజు పెట్టె ఖాళీ చేసి కాగితాలన్నీ అప్పగించి వచ్చి, మా తాతయ్య చాప మీద ఊరికే కూర్చున్న దృశ్యం నా కళ్ళముందు నుంచి పోదు.

నెల తిరక్కుండా అరుగు ఖాళీ అయిపోయింది. పొద్దున్నే రావడం అలవాటైన పిచ్చుకలు తప్ప ఎవరూ లేరు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అంది నాయనమ్మ. తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "వాళ్ళ తప్పేముందే, వాళ్ళకు పని కరణంతో. నాతో కాదు కదా" అన్నాడు.

ఒక్క రైతు మాత్రం రావడం మొదలుపెట్టాడు. అంతకు చాలా ఏళ్ళ కిందట గట్టు తగాదాలో తాతయ్య గొలుసు వేసి కొలిస్తే, ఆయన తనదనుకున్న నేల పక్కవాడి కిందికి పోయింది. అప్పటి నుంచి మా ఇంటి వైపు చూసేవాడు కాదు. అలాంటి మనిషి, అందరూ మానేశాక, సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి మెట్టు పక్కన కూర్చునేవాడు. తాతయ్య మధ్యాహ్నం బస్సులో వచ్చిన పేపరు పైకి చదివేవాడు. ఆయనకు చదువు రాదు. కర్ర మీద గడ్డం ఆనించి వినేవాడు. చదవడం అయిపోయాక లేచి వెళ్ళిపోయేవాడు. ఏమీ తెచ్చేవాడు కాదు, ఏమీ అడిగేవాడు కాదు.

నాయనమ్మకు అది మింగుడు పడలేదు. "ఏ గట్టు జరపడానికి వస్తున్నాడో చూసుకో" అనేది. "ఇంకేం గట్టే, గొలుసు కూడా ఇచ్చేశానుగా" అనేవాడు తాతయ్య. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగేసింది, రోజూ ఎందుకొస్తావని. "పేపరు విందామనమ్మా" అన్నాడు. అంతే.

తాతయ్య పోయిన ఏడు చింతపండు పని ఆలస్యమైంది. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. పందిరి కింద మళ్ళీ టక్ టక్ మొదలైంది, కాస్త నెమ్మదిగా. సాయంత్రం కర్ర చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి మెట్టు పక్కన తన చోట్లో కూర్చున్నాడు. అరుగు మీద పేపరు మడత విప్పకుండా పడి ఉంది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

"పైకొచ్చి కూర్చో, అక్కడికి వినపడదు" అంది నాయనమ్మ.

"ఇనపడుద్ది లేమ్మా" అన్నాడు, కదలకుండా.

నాయనమ్మ నా వైపు తిరిగింది. "ఒరే, చదువు."

చదివాను. వానల సంగతి, పొగాకు ధరలు, ఎక్కడో బస్సు బోల్తా పడిన వార్త. తాతయ్య లాగా ఆగి ఆగి చదవడం నాకు రాలేదు. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి మొత్తం విన్నాడు. లేచి, "రేపొస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక పందిరి కింద ఎవరో అన్నారు, "ఇంకా ఎందుకొస్తున్నాడమ్మా ఈయన?" అందరూ నాయనమ్మ వైపు చూశారు. మా అమ్మ కూడా.

"వెనకటికెవడో..." అంది నాయనమ్మ.

అని ఆగింది. చేతిలో కాయ అలాగే ఉంది. మేం చాలాసేపు చూశాం. తర్వాత ఆ కాయను బండ మీద పెట్టి, నెమ్మదిగా పెంకు కొట్టుకోవడం మొదలుపెట్టింది.